ముందుగా కొనిన దినములు

బజారునకు పోవు ప్రతి గృహిణియు ఒక సంగతి నెరుగును. తెల్లవారగనే పోయినచో మంచి కూరగాయలు ఏరుకొనవచ్చును, బేరమాడవచ్చును. పండుగ ముందటి సాయంకాలము పోయినచో మిగిలినదానినే, అడిగిన వెల యిచ్చి తెచ్చుకొనవలెను. సరకు ఒక్కటే, వెల వేరు. పదవ తరగతి విద్యార్థికి దినములును ఇట్టి సరకే. ఈ జనవరిలో చౌకగా దొరకు దినము వచ్చే జనవరిలో మిక్కిలి ప్రియమగును.

ఎఫెసీయులకు వ్రాయబడిన పత్రిక అయిదవ అధ్యాయములో సమయమును గూర్చి చెప్పుచోట వాడబడిన గ్రీకు క్రియాపదములో "అగోరా" అను మాట యిమిడియున్నది. అగోరా యనగా బజారు. ఆ క్రియకు కొనివేయుట, వెల యిచ్చి విడిపించుకొనుట అని అర్థము. అదను దానంతట అది చేతికి రాదు, దానికి వెల చెల్లింపవలెనని ఆ పదము జ్ఞాపకము చేయుచున్నది. పరీక్షకు సిద్ధపడు బాలబాలికల విషయములో ఆ వెల యెంత, దానిని ఎప్పుడు చెల్లించుట తేలిక అనునదే ఈ పాఠమునందలి ప్రశ్న.

1. ఒక రైల్వే పట్టణము

ఈ ప్రశ్నను పరిశీలించుటకు ఖరగ్‌పూరు తగిన చోటు. పశ్చిమ బెంగాల్‌లోని ఈ పట్టణమునకు బెంగాల్ నాగపూర్ రైల్వే కాలమునుండి ఉత్తరాంధ్ర ప్రాంతపు తెలుగువారు పనికై వచ్చి స్థిరపడిరి. వర్క్‌షాపులోను, స్టేషనులోను, లైనుమీదను పాటుపడిన వారి మనుమలు, మునిమనుమలు నేడు అచ్చటి పాఠశాలలలో చదువుచున్నారు.

ఈ పట్టణములో ఐ.ఐ.టి. ఆవరణము నానుకొని ప్రేమ్ బజార్ అను పేట యున్నది. 1930లో నిర్బంధ శిబిరముగా తెరువబడిన హిజిలీ భవనములోనే 1951లో దేశపు మొదటి ఐ.ఐ.టి. ఆరంభమైనది. గోడ కీవల నివసించు తలిదండ్రుల చూపు తరచుగా గోడ కావలికి పోవుట సహజమే. అయితే పదవ తరగతి మార్కులనుబట్టి అందులో చోటు దొరకదు. అది పండ్రెండవ తరగతికిని, ప్రవేశపరీక్షకును సంబంధించిన సంగతి. అయినను పదునొకండవ తరగతిలో విజ్ఞానశాస్త్రమా, వాణిజ్యశాస్త్రమా, ఏ పాఠశాలలో చోటు అను నిర్ణయము పెక్కుసార్లు పదవ తరగతి గ్రేడులమీదనే ఆధారపడును. మొదటి మెట్టు జారినచో పైమెట్టు అందుట కష్టము.

2. పరీక్ష యొక్క స్వరూపము

పశ్చిమ బెంగాల్ మాధ్యమిక విద్యామండలి జరుపు పదవ తరగతి పరీక్షను అచ్చట "మాధ్యమిక్" అందురు. ఇందు ఏడు విషయములు కలవు: ప్రథమ భాష, ద్వితీయ భాష, గణితము, భౌతిక విజ్ఞానము, జీవ విజ్ఞానము, చరిత్ర, భూగోళము. ఒక్కొక్క విషయమునకు 100 మార్కుల చొప్పున మొత్తము 700. ప్రతి నూటిలో 90 మార్కులు వ్రాతపరీక్షకు, 10 మార్కులు పాఠశాలలో జరుగు అంతర్గత మూల్యాంకనమునకు చెందును. 90కి తక్కువ కాకుండ వచ్చినవారికి ఎ.ఎ. అను అత్యున్నత గ్రేడు, 80 నుండి 89 వరకు ఎ ప్లస్, 60 నుండి 79 వరకు ఎ లభించును.

ఈ అంకెలను ఒక్క నిముషము నిలిచి చూడవలెను. ఎ.ఎ. కోరు విద్యార్థి నూటికి 10 మార్కులు మాత్రమే పోగొట్టుకొనవచ్చును. అంతర్గత మూల్యాంకనములో అశ్రద్ధవలన 3 మార్కులు పోయినచో, వ్రాతపరీక్షలో పోగొట్టుకొనుటకు 7 మాత్రమే మిగులును. పరీక్షాశాలలో అడుగుపెట్టక పూర్వమే ఆ 3 మార్కులు చేజారినవి. వాటిని ఫిబ్రవరిలో ఎంత చదివినను తిరిగి తెచ్చుకొనజాలరు.

ఇతర బోర్డుల పద్ధతి వేరు. సి.బి.ఎస్.ఇ. పదవ తరగతిలో 80 మార్కులు వ్రాతకు, 20 అంతర్గతమునకు ఉండును. అచ్చట ఎ-1 గ్రేడు నిర్ణీత మార్కులనుబట్టి గాక, ఉత్తీర్ణులైన వారిలో మొదటి ఎనిమిదవ వంతు వారికి ఇయ్యబడును. కావున ఎచ్చట నివసించువారైనను మొట్టమొదట చేయవలసిన పని తమ బోర్డు నియమములను, పాఠ్యప్రణాళికను సంవత్సరారంభముననే చదివి తెలిసికొనుట. దారి తెలియని ప్రయాణికుడు ఎంత వేగముగా నడచినను ఏమి ప్రయోజనము?

3. దినముల లెక్క

"ఇంకను చాలా దినములున్నవి గదా" అను మాట పదవ తరగతి పిల్లలున్న ప్రతి యింటను వినబడును. నిజముగా ఎన్ని యున్నవి?

పశ్చిమ బెంగాల్ ప్రభుత్వ పాఠశాలలలో విద్యా సంవత్సరము జనవరిలో మొదలగును. మాధ్యమిక్ పరీక్ష మరుసటి సంవత్సరము ఫిబ్రవరిలో వచ్చును. 2024లో ఫిబ్రవరి 2న, 2025లో ఫిబ్రవరి 10న అది ఆరంభమైనది. చూచుటకు సుమారు 400 దినములు. అయితే వేసవి సెలవులలో ఖరగ్‌పూరు తెలుగు కుటుంబములు అనేకములు పెండ్లిండ్లకును, బంధువులను చూచుటకును శ్రీకాకుళము వైపు రైలెక్కును. శరదృతువులో దుర్గాపూజ, కాళీపూజల సెలవులు వచ్చును. అవి ముగియగనే టెస్టు పరీక్ష. క్రొత్త సంవత్సరము రాగనే సంక్రాంతి. సంక్రాంతి దాటిన మూడు నాలుగు వారములలో అసలు పరీక్ష. ఆంధ్రదేశములో పదవ తరగతి పరీక్షలు మార్చి ప్రాంతమున జరుగును గనుక, "మీ మేనమామ పిల్లలు ఇంకను చదువనేలేదు" అని ఊరిలోని బంధువులు చెప్పు మాటను ఖరగ్‌పూరు బిడ్డ నమ్మరాదు. రెండు చోట్ల పంచాంగములు వేరు.

ఒక చిన్న లెక్క. పాఠశాల పనిగాక దినమునకు అర్ధగంట చొప్పున 300 దినములు చదివిన విద్యార్థి 150 గంటలు కూడబెట్టుకొనును. అదే 150 గంటలను చివరి 30 దినములలో సంపాదింపవలెనన్న ప్రతి దినము 5 గంటలు అదనముగా చెల్లింపవలెను. ఆ గంటలు నిద్రనుండియు, ఆరోగ్యమునుండియు, ఇంటి శాంతినుండియు వచ్చును. పండుగ ముందటి బజారు వెల యిదియే.

4. జ్ఞాపకశక్తి చెప్పు సాక్ష్యము

గంటల మొత్తము సమానమైనను ఫలితము సమానము కాదు. జర్మను శాస్త్రజ్ఞుడైన హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అర్థములేని అక్షరముల కూర్పులను కంఠస్థము చేయుచు తనమీద తానే దీర్ఘకాలము పరీక్షలు చేసికొని, 1885లో వాటి ఫలితములను ప్రచురించెను. ఒకే దినమున 68 మారులు వల్లించుటవలన కలిగిన ప్రయోజనమును, మూడు దినములకు పంచి 38 మారులు మాత్రమే వల్లించి ఆయన పొందగలిగెను. ఒకే సరకు ఒకచోట 38, మరియొకచోట 68. ముందుగా కొనువాడు ఎంత లాభపడునో దీనిచేత గ్రహింపవచ్చును.

2006లో అమెరికాలో రోడిగర్, కార్పికే అను ఇరువురు పరిశోధకులు కళాశాల విద్యార్థులకు ఒక పాఠభాగము నిచ్చి పరీక్షించిరి. కొందరు దానిని నాలుగు విడతలు చదివిరి. మరికొందరు ఒక విడత మాత్రము చదివి, మిగిలిన మూడు విడతలు చూడకుండ జ్ఞాపకమున్నంత వ్రాసిరి. అయిదు నిముషముల తరువాత అడిగినపుడు నాలుగు విడతలు చదివినవారే మిన్నగా నుండిరి. వారమైన పిమ్మట అడిగినపుడు వారు నూటికి 40 పాళ్లు చెప్పగలిగిరి. చూడకుండ వ్రాసినవారు 61 పాళ్లు చెప్పగలిగిరి. పుస్తకము తెరచి మరల మరల చదువువానికి "వచ్చినది" అను భ్రమ త్వరగా కలుగును. పుస్తకము మూసి వ్రాయువానికి రానిది తెలియును. తెలిసినదానిని దిద్దుకొనుటకు వ్యవధి కావలెను. ఆ వ్యవధినే ముందుగా ఆరంభించుట ఇచ్చును.

కావున ఆచరణకు ఒక సులభమైన క్రమము కలదు. బడిలో చెప్పిన పాఠమును ఆ సాయంకాలమే పుస్తకము మూసి పది వాక్యములలో వ్రాయవలెను. వారమునకు ఒకమారు, నెలకు ఒకమారు అదే పని మరల చేయవలెను. తప్పినవాటిని వేరొక చిన్న పుస్తకములో వ్రాసికొనవలెను. పరీక్ష సమీపించినపుడు ఆ తప్పుల పుస్తకమే అన్నిటికంటె విలువైన పుస్తకమగును.

5. ఏది ముందు కొనవలెను?

అన్ని విషయములకు ఒకే కాలము పట్టదు. ఆలస్యముగా పండు పంటను ముందుగా విత్తవలెను.

భాష: ఇది అన్నిటికంటె నెమ్మదిగా పండును. మాధ్యమిక్‌లో ప్రథమ భాషగా తెలుగును తీసికొనుటకు అవకాశమున్నది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గము తెలుగునకు అధికార భాషా హోదా ఇచ్చుటకు నిర్ణయించినది. అయినను ఖరగ్‌పూరు బిడ్డ ఇంట శ్రీకాకుళపు తెలుగు, వీధిలో బంగ్లా, హిందీ, తరగతిలో తరచుగా ఇంగ్లీషు వినుచు పెరుగును. నాలుగు భాషలు మాటలాడగలుగుట గొప్ప ధనము. కాని వాటిలో దేనిలోనైనను తప్పులేకుండ రెండు పుటలు వ్రాయుట వేరొక విద్య. 700లో 200 మార్కులు భాషలవే; తక్కిన 500 మార్కుల జవాబులును ఏదో ఒక భాషలోనే వ్రాయవలెను. వాక్యనిర్మాణము చివరి నెలలో అబ్బదు. దినమునకు ఒక పుట, ఏడాది పొడుగున వ్రాయుటయే దానికి వెల.

గణితము: రెండవ స్థానము దీనిది. ఎనిమిదవ, తొమ్మిదవ తరగతులలో విడిచిన పునాదిరాయి పదవ తరగతిలో గోడను కూల్చును. సంవత్సరారంభముననే వెనుకటి లోపములను కనుగొని, సిగ్గుపడక ఉపాధ్యాయునొద్దకు పోయి అడుగవలెను.

విజ్ఞానశాస్త్రములు: పటములు గీయుట, సమీకరణములు, నిర్వచనములు విడతలుగా అభ్యసించినచో చేతికి అలవాటగును.

చరిత్ర, భూగోళము: వీటిని చివరకు చదువవచ్చునని పలువురు తలంతురు. చివర మననము చేయవచ్చును గాని చివర ఆరంభింపరాదు. పటములో స్థలములు గుర్తించుట దినమునకు అయిదు నిముషముల పని.

పూజ సెలవులనుండి పాత ప్రశ్నపత్రములను గడియారము ముందుంచుకొని వ్రాయవలెను. మాధ్యమిక్‌లో మొదటి 15 నిముషములు ప్రశ్నపత్రము చదువుకొనుటకును, తరువాత 3 గంటలు వ్రాయుటకును ఇయ్యబడును. మూడు గంటలు కదలక వ్రాయుట చేతికిని, మనస్సునకును అలవాటు కావలెను.

6. ఇంటివారి పాలు

దినములను బిడ్డ ఒక్కడే కొనజాలడు. ఇంటివారు తోడు పడవలెను. చిన్న క్వార్టరులో తండ్రి రాత్రి డ్యూటీ చేసి వచ్చి పగలు నిద్రించును, టెలివిజను మ్రోగుచుండును, చుట్టములు వచ్చుచుందురు. అట్టి యింట బిడ్డకు దినమునకు ఒక గంట నిశ్శబ్దము నిచ్చుట ట్యూషను రుసుముకంటె గొప్ప దానము. ఆడపిల్ల విషయములో మరింత జాగ్రత్త వలయును. అన్నకు పుస్తకమును, చెల్లెలికి వంటగిన్నెలను అప్పగించు గృహములో చెల్లెలి గ్రేడు తగ్గినచో తప్పు చెల్లెలిది కాదు. ఇంట చోటు లేనిచో, సాయంకాలము ఖాళీగా నుండు సంఘపు గదిలో దీపము వెలిగించి ఇరుగుపొరుగు పిల్లలకు కూర్చుండుటకు చోటీయవచ్చును. దానికి పెద్ద ధనము అక్కరలేదు. తాళపుచెవి తెచ్చు మనిషి ఒక్కడు చాలును.

వేసవి ప్రయాణము మానుకొనవలెనా? మానుకొననవసరము లేదు. తాతగారి యింట పది దినములు గడపిన బిడ్డ తేటపడి తిరిగివచ్చును. ఒక్క సన్నని వ్రాత పుస్తకము సంచిలో నుండిన చాలును. జనవరినుండి చదివిన బిడ్డయే మే మాసములో నిర్భయముగా ఆడుకొనగలుగును. విశ్రాంతియు ముందుగా కొనుక్కొనవలసిన సరకే.

7. గ్రేడు విలువ, బిడ్డ విలువ

ఇంత చెప్పిన పిమ్మట చెప్పక తప్పని మాట యొకటి మిగిలియున్నది. ముందుగా ఆరంభింపుమని చెప్పుట ముందుగా భయపెట్టుట కారాదు. కొందరు తలిదండ్రులు జనవరినుండియే పొరుగింటి పిల్లల మార్కులను బిడ్డ తలపై మోపుదురు. అట్టి యింట 400 దినములును 400 పరీక్షలగును. పరీక్షా ఫలితముల దినమున ఇంటికి రాలేక, మొగము చూపలేక నిరాశలో పడిన బాలబాలికల వార్తలు మన దేశములో ప్రతి సంవత్సరము వినవలసి వచ్చుచున్నది. గ్రేడు ఒక తలుపు తెరచును, లేక మూయును. మరియొక తలుపు వెదకుకొనవచ్చును. బిడ్డను వెదకి తెచ్చుకొనలేము.

అందుచేత తలిదండ్రులు బిడ్డతో ఒక మాట సంవత్సరారంభముననే చెప్పవలెను, ఫలితముల దినము వరకు ఆగరాదు: "నీవు శ్రద్ధగా చదువవలెను, ఏ గ్రేడు వచ్చినను ఈ యిల్లు నీదే." ఈ మాట విన్న బిడ్డ సోమరియగునని భయపడనక్కరలేదు. భయము లేని మనస్సే పుస్తకము మూసి తన తప్పులను తాను చూచుకొనగలదు. దినములను కొనుటకు శ్రమ యెంత అవసరమో, ఈ నిబ్బరమును అంత అవసరము. ఇదియు ముందుగానే ఇయ్యవలసినది. చివరి దినమున ఇచ్చినచో బిడ్డ నమ్మకపోవచ్చును.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. మీ బిడ్డ వ్రాయబోవు పరీక్షలో అంతర్గత మార్కులెన్ని, వ్రాతమార్కులెన్ని? వాటిని ఇంటిల్లిపాది ఎరుగుదురా?

2. నేటినుండి పరీక్షవరకు నిజముగా చదువుటకు మిగిలిన దినములెన్ని? పండుగలు, ప్రయాణములు తీసివేసి లెక్కింపుడు.

3. ఇంటిపనిని ఆడపిల్లలకును మగపిల్లలకును సమానముగా పంచుటకు ఈ వారమే ఏ మార్పు చేయగలరు?

4. "ఏ గ్రేడు వచ్చినను ఈ యిల్లు నీదే" అని మీరు బిడ్డతో చెప్పితిరా? చెప్పనిచో ఎప్పుడు చెప్పుదురు?