చంటిబిడ్డకు ఎక్కించే రక్తం

"బాబుకి రక్తం ఎక్కించాలి" అని డాక్టరు చెప్పగానే, ఎన్‌ఐసీయూ బయట నిలబడ్డ తండ్రి చొక్కా చేయి పైకి మడుస్తాడు. "నాది తీసుకోండి సార్" అంటాడు. వెనకే బాబాయి, మేనమామ. ఆ ప్రేమను ఎవరూ తప్పుపట్టలేరు. కానీ ఇంటివాళ్ల రక్తమే క్షేమమన్న నమ్మకం మాత్రం సరికాదు. దగ్గరి బంధువుల తెల్లకణాలను బిడ్డ ఒళ్లు పరాయివని పోల్చుకోలేకపోతే, అవి అక్కడే తిష్ఠవేసి బిడ్డ మీదే దాడి చేయవచ్చు. అలా జరగడం అరుదే, కానీ జరిగితే ప్రాణం దక్కడం కష్టం. అందుకే బంధువుల రక్తానికి ముందుగా రేడియేషన్ ఇవ్వాలి.

ఇక వైరస్‌ల సంగతి. మన దేశంలో దానం చేసిన ప్రతి రక్తానికీ హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్, మలేరియా పరీక్షలు తప్పనిసరి. ఈ జాబితాలో లేనిది సైటోమెగలోవైరస్, అంటే సీఎంవీ. మనలో చాలామందికి చిన్నప్పుడే సోకి, తెలియకుండానే తగ్గిపోయి, తెల్లకణాల్లో జీవితాంతం దాక్కుని ఉంటుంది. మనల్ని ఏమీ చేయదు. కిలోన్నర కూడా తూగని బిడ్డకు సోకితే మాత్రం ఊపిరితిత్తులు, కాలేయం దెబ్బతినవచ్చు, ప్లేట్‌లెట్లు పడిపోవచ్చు.

ఆ వైరస్ ఎన్నడూ సోకని దాత మన దగ్గర దొరకడం కష్టం. కాబట్టి తెల్లకణాలను ఫిల్టర్‌తో వడకట్టిన రక్తమే దారి. దాన్నే ల్యూకోరెడ్యూస్డ్ రక్తం అంటారు. రేడియేషన్ ఇచ్చినంత మాత్రాన సీఎంవీ భయం పోదు, ఆ పని ఫిల్టర్‌దే. "వడకట్టిన రక్తమేనా అండీ?" అని నర్సమ్మనో డాక్టరునో నిదానంగా అడగండి. అది అడగడం తప్పు కాదు.

ఇంకొకటీ అడగండి: ఒకే దాత రక్తాన్ని బిడ్డ కోసం విడిగా ఉంచగలరా అని. కిలో బిడ్డ ఒంట్లో ఉండే రక్తమంతా కలిపి సుమారు 100 మిల్లీలీటర్లు. ఒకసారికి ఎక్కించేది సాధారణంగా 10 నుంచి 20 మిల్లీలీటర్లే, అదీ సిరంజి పంపుతో మూడు నాలుగు గంటలు, చుక్క చుక్కగా. ఒకే దాత రక్తాన్ని చిన్న చిన్న బ్యాగుల్లోకి పంచి ఉంచితే, మళ్లీ అవసరమైనప్పుడు అదే వాడవచ్చు. దాతలు ఎంత తక్కువైతే ముప్పు అంత తక్కువ.

నెలలు నిండకుండా కాన్పు అయ్యేలా ఉంటే, బొడ్డుతాడు వెంటనే కత్తిరించకుండా అర నిమిషం నుంచి నిమిషం ఆగడానికి వీలవుతుందా అని ముందే అడగండి. తల్లి రక్తం కొంత బిడ్డకు చేరుతుందనుకుంటారు కానీ, చేరేది మాయలో మిగిలిన బిడ్డ సొంత రక్తమే. దానివల్ల తర్వాత రక్తం ఎక్కించే అవసరం తగ్గుతుంది.

అమ్మా, సీఎంవీ చనుబాల ద్వారా కూడా రావచ్చని విని పాలు ఆపేయకండి. ఆ పాల మేలు ఆ ముప్పుకంటే చాలా పెద్దది. మరీ చిన్న బిడ్డయితే పాల గురించి డాక్టరుతో మాట్లాడండి. అలాగే, రక్తం అవసరమని డాక్టరు చెప్పినప్పుడు భయంతో వద్దనకండి.

బయట నిలబడ్డ బాబాయీ, మేనమామా, మీరూ వెనక్కి వెళ్లిపోకండి. బ్లడ్ బ్యాంకుకు వెళ్లి స్వచ్ఛందంగా ఇచ్చి రండి. ఇంకెవరి బిడ్డకో అది కావాలి.