పేరు తెలియని జబ్బు వచ్చినప్పుడు

2020 డిసెంబరు 5న ఏలూరు వన్‌టౌన్‌లో మనుషులు ఉన్నట్టుండి కళ్లు తిరిగి పడిపోవడం మొదలైంది. మూర్ఛ, నోట్లో నురగ, వాంతులు. పిల్లలనీ పెద్దలనీ లేదు. వారం తిరిగేసరికి ఆరు వందల మందికి పైగా జబ్బుపడ్డారు. ఒకరు చనిపోయారు. చాలామంది మాత్రం గంటల్లోనే, కొందరు ఒకటి రెండు రోజుల్లో, తేరుకుని ఇల్లు చేరారు. ఎయిమ్స్ పరీక్షల్లో రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. పురుగుమందుల మీదా అనుమానాలు వచ్చాయి. అసలే కరోనా ఏడాది.

అలాంటప్పుడు పిల్లలు అడిగేది ఒక్కటే: "అమ్మా, నాకూ వస్తుందా?"

"ఏం కాదు, పడుకో" అని నోరు మూయించకండి. మీ గొంతులో వణుకు వాళ్లకి వినబడుతూనే ఉంటుంది. "ఎందుకు వస్తోందో ఇంకా తెలీదు నాన్నా. డాక్టర్లు నీళ్లూ, రక్తమూ పరీక్ష చేస్తున్నారు. వస్తే ఏం చెయ్యాలో మాకు తెలుసు" అనండి. ఆ చివరి మాట నిజం కావాలంటే ముందు మీరు నేర్చుకోవాలి. మూర్ఛ వచ్చిన బిడ్డ చేతిలో తాళాలు పెట్టడం, నోట్లో చెంచా పెట్టడం, నీళ్లు పొయ్యడం వద్దు. పక్కకి తిప్పి పడుకోబెట్టి, తల కింద మెత్తటి గుడ్డ పెట్టండి. మెడ దగ్గర బిగువుగా ఉన్న బట్టలు వదులు చెయ్యండి. ఎంతసేపు ఉందో గడియారం చూడండి. అయిదు నిమిషాలు దాటినా, మొదటిసారి వచ్చినా వెంటనే 108కి ఫోన్ చెయ్యండి.

ఆసుపత్రిలో బిడ్డ కోలుకున్నాక మన నోట తేలిగ్గా వచ్చే మాట ఒకటుంది: "పాపం ఆ పక్క మంచం వాళ్లని చూడు, మనం నయం." ఈ మాట మానేద్దాం. పక్కవాడి కష్టం చూసి ఊపిరి పీల్చుకోవడం పిల్లలకి నేర్పితే, రేపు తమ వంతు వచ్చినప్పుడు వాళ్లకి ఆసరా ఏముంటుంది?

దానికి బదులు, బిడ్డకి జబ్బు చేసిన రాత్రి మన కోసం నిలబడ్డవాళ్లని ఒక్కొక్కరినీ తలుచుకోండి. సెలైన్ సూది కదలకుండా చెయ్యి పట్టుకున్న నర్సమ్మ. బేరమాడకుండా బండి తీసిన ఆటో అన్న. చెల్లెల్ని తన ఇంట్లో పడుకోబెట్టుకుని అన్నం పెట్టిన పక్కింటి పిన్ని. బిడ్డ భయపడ్డాననో, ఏడుపొచ్చిందనో అంటే ముందు అది విని, ఆ తరవాతే వీళ్ల మాట ఎత్తండి. నీరసం తగ్గాక ఆ పిన్ని ఇంటికి బిడ్డ చేత్తోనే నాలుగు అరటిపళ్లు పంపండి.

ఒంట్లో బాగున్న రోజున, చలికాలంలో, బిడ్డని కొల్లేరు ఒడ్డున ఆటపాక పక్షుల కేంద్రానికి తీసుకెళ్లండి. అక్కడ గూడబాతులు ఇనుప స్టాండ్ల మీద గూళ్లు కట్టుకుని పిల్లల్ని సాకుతుంటాయి. చెట్లు చాలకపోతే మనుషులే ఆ స్టాండ్లు నిలబెట్టారు. ఆ గూళ్లు బిడ్డకి చూపించి, "నీకు జబ్బు చేసిన రాత్రి నీ చుట్టూ కూడా ఇలాగే కొందరు నిలబడ్డారు" అని చెప్పండి.

జబ్బు పేరు మనకి తెలియకపోవచ్చు. ఆదుకున్నవాళ్ల పేర్లు మాత్రం మన పిల్లలకి తెలియాలి. ఈ రాత్రి పడుకునే ముందు, ఒక్క పేరైనా చెప్పండి.