ఫ్లోరైడ్ నీళ్లు – ఫ్లోరోసిస్ (పోటీ పరీక్షల ప్రత్యేకం)

గ్రానైట్ రాళ్లలోని ఫ్లోరైడ్ ఖనిజాలు భూగర్భజలంలో కరుగుతాయి. బోరు లోతైనకొద్దీ ముప్పు సాధారణంగా పెరుగుతుంది. తాగునీటిలో ఆమోదయోగ్య పరిమితి లీటరుకు 1 మి.గ్రా.; వేరే నీటి వనరు లేకపోతే గరిష్ఠంగా 1.5 మి.గ్రా. (భారతీయ ప్రమాణం ఐఎస్ 10500). ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శక విలువా 1.5 మి.గ్రానే. 1, 1.5 అనే ఈ రెండు విలువలను తారుమారు చేసి అడగడం పరీక్షకులకు సరదా.

పళ్లు ఏర్పడే వయసులో ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లు తాగిన పిల్లలకు ఎనామిల్‌పై తెల్లటి, గోధుమరంగు మచ్చలు వస్తాయి. ఇది దంత ఫ్లోరోసిస్. ఏళ్ల తరబడి తాగితే ఫ్లోరైడ్ ఎముకల్లో పేరుకుంటుంది. వెన్ను, కీళ్లు బిగుసుకుపోతాయి, స్నాయువులు గట్టిపడతాయి. ఇది అస్థి ఫ్లోరోసిస్. కాల్షియం లోపం తోడైతే పిల్లల కాళ్లు వంకర తిరుగుతాయి. ముదిరిన అస్థి ఫ్లోరోసిస్‌ను పూర్తిగా నయం చేసే మందు లేదు.

మన దేశంలో ఫ్లోరోసిస్‌ను మొదట నమోదు చేసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. తెలంగాణలో నల్గొండ జిల్లా మర్రిగూడ, మునుగోడు ప్రాంతాలు ఈ సమస్యకు పేరుపడ్డాయి.

నీళ్లు మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, పైగా చిక్కబడుతుంది! నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించిన ‘నల్గొండ పద్ధతి’లో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్‌ను అడుగుకు దింపుతారు. నదీజలాల సరఫరాయే మేలైన మార్గం. తెలంగాణ తాగునీటి పథకం మిషన్ భగీరథ చేసింది అదే.