తోడు క్రియ సంగతి

నాంపల్లి, ఆదివారం

చి. బుజ్జికి,

భోంచేశానని స్పానిష్‌లో చెప్పబోయి ‘తెంగో కొమీదో’ అని రాశావు. ఇదంతా ఇంగ్లీషు ‘హ్యావ్’ చేసిన నిర్వాకం. డబ్బో, పుస్తకమో, జ్వరమో ఉందని చెప్పడానికి తెనేర్ కావాలి. ప్రెజెంట్ పర్ఫెక్ట్‌లో తోడొచ్చేది మాత్రం అబేర్. దాని రూపాలు ఆరే: ఎ, అస్, అ, ఎమోస్, అబేయిస్, అన్. అన్నిటికీ ముందు హెచ్ రాస్తారు, పలకరు.

అసలు క్రియతో పెద్ద పేచీ లేదు. ‘ఆర్’తో ముగిస్తే ‘ఆదో’, ‘ఎర్’, ‘ఇర్’ అయితే ‘ఈదో’. అబ్లార్ అబ్లాదో, కొమేర్ కొమీదో, బిబీర్ బిబీదో.

మనం ‘తిని ఉన్నాను, తిని ఉన్నారు’ అన్నప్పుడు ‘తిని’ కదలదు చూడు, అక్కడా అంతే. మారే ముక్క మనకు చివర, వాళ్లకు ముందు. ఆడపిల్లవు కదా అని ‘ఎ కొమీదా’ అనేవు! కొమీదా అంటే భోజనం. ఇంకొకటి, ఆ రెండు మాటల మధ్య దేన్నీ దూర్చకు. తినలేదనాలంటే ‘నో ఎ కొమీదో’, దాన్ని చూశాననాలంటే ‘లో ఎ బీస్తో’. ‘నో’ అయినా, ‘లో’ అయినా ముందే నిలబడాలి.

బీస్తో దారి తప్పిన రూపం. ఎస్క్రీతో (రాసి), ఎచో (చేసి), దీచో (చెప్పి), ప్వెస్తో (పెట్టి), అబ్యెర్తో (తెరిచి), రోతో (విరిచి), బ్వెల్తో (తిరిగొచ్చి) కూడా ఆ బాపతే. రోజూ వాడే క్రియలే ఇలా మొండికేస్తాయి. పట్టిక వల్లించేకన్నా, రాత్రి పడుకోబోయే ముందు ఆ రోజు చేసిన పనులు వీటితో రాయి.

ఆ రోజువే ఎందుకంటే, మాడ్రిడ్‌లో ‘ఓయ్ ఎ కొమీదో’, ‘అయేర్ కొమీ’ అంటారు. ఈవేళకి ఒక రూపం, నిన్నటికి ఇంకొకటి. మెక్సికోలో ఈవేళ తిన్నదానికీ ఎక్కువగా ‘కొమీ’యే. రెండూ ఒప్పే. తార్నాక ఇఫ్లూలో మీ మేడమ్ ఏ దేశపు వాడుక చెబుతున్నారో అడిగి, పరీక్షలో దానికే కట్టుబడు.

గ్రామర్ పుస్తకం కొత్తది కొనకు. ఆదివారం పొద్దున్నే అబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద వెతుకు, షాపులు మూసి ఉంటాయి కాబట్టి మెట్ల దాకా పుస్తకాలే. బేరమాడే ముందు వెనక క్రియల పట్టిక ఉందో లేదో తిప్పి చూడు, సెకండ్ హ్యాండ్ వాటిలో ముందుగా ఊడిపోయేవి ఆ పేజీలే.

బాబాయి