ఎవరు? అని అడిగితే ‘ఎస్’ దొరుకుతుంది

ఇంటర్వ్యూలో ‘టెల్ మి ఎబౌట్ యువర్‌సెల్ఫ్’ అనగానే మనవాళ్లు తడబడేది ఎక్కువగా ఇంట్లోవాళ్ల దగ్గరికి వచ్చేసరికే. ‘మై ఫాదర్ వర్క్ ఇన్ ఆర్టీసీ, మై సిస్టర్ స్టడీ బీటెక్.’ అర్థం కాక కాదు. కానీ ఇంగ్లిష్ బాగా తెలిసినవాళ్ల చెవికి అది ‘మా నాన్న ఆర్టీసీలో పనిచేస్తాను’ అన్నట్టుంటుంది.

తెలుగులో అలా నిద్రలో లేపి అడిగినా అనరు కదా! వచ్చాను, వచ్చావు, వచ్చాడు, వచ్చింది, వచ్చారు, వచ్చాయి... కర్తను బట్టి క్రియ దానంతటదే మారిపోతుంది. ఇంత పని చేసే నాలుకను ఇంగ్లిష్ అడిగేది చాలా తక్కువ. ఐ, యు, వి, దే అయితే వర్క్. హి, షి, ఇట్, లేదా ఒక్కరి పేరు అయితే వర్క్స్. గతంలోకి వెళ్తే అందరికీ ‘వర్క్‌డ్’ ఒక్కటే. యామ్, ఈజ్, ఆర్, వాజ్, వర్ మాత్రం కాస్త మొండివి, అవి నోటికి రావాల్సిందే. కెన్, విల్ పక్కన ఎస్ ఊసే ఎత్తకండి. ‘షి డజంట్ వర్క్స్’ కూడా వద్దు. ఎస్‌ని డజ్ ముందే పట్టుకుపోయింది.

మనం ‘తిన్నాను’ అంటే చాలు, తిన్నదెవరో తెలిసిపోతుంది. ఇంగ్లిష్ క్రియకు ఆ తోక లేదు. అందుకే ముందు ఎవరో చెప్పాలి, వెంటనే ఏం చేశారో చెప్పాలి, మిగతాదంతా ఆ తర్వాతే. ‘ఆయన మా అన్నయ్య’ అని మనం క్రియ లేకుండానే గడిపేస్తాం. ఇంగ్లిష్‌లో ‘ఈజ్’ లేనిదే వాక్యం నిలబడదు.

అసలు చిక్కు మన అలవాట్లతోనే. నాన్నగారు ‘వచ్చారు’ అంటాం, పాలు ‘విరిగిపోయాయి’ అంటాం. ఇంగ్లిష్‌కు ఆ మర్యాదలూ, ఆ బహువచనాలూ పట్టవు. ఎంత పెద్దాయనైనా ‘హి ఈజ్’, బిందెడు పాలైనా ‘మిల్క్ ఈజ్’. ఇక ‘వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్’ దగ్గర పక్కనున్న ఫ్రెండ్స్‌ను చూసి ‘ఆర్’ అనేస్తాం. ఇక్కడ కర్త వన్. కాబట్టి ఈజ్. ‘ఎవ్రీవన్’ అందరినీ కలుపుకున్నా లెక్కకు ఒక్కటే.

ఇదంతా నోటికి అలవాటు కావాలంటే ఒక పద్ధతి ఉంది. అమ్మ దినచర్య చెప్పండి, పైకే: ‘మై మదర్ గెట్స్ అప్ ఎట్ ఫైవ్. షి మేక్స్ టీ.’ ఆపకుండా అవే మాటలు ‘మై పేరెంట్స్’తో మొదలుపెట్టి చెప్పండి: గెట్ అప్, మేక్. మళ్లీ ‘డజంట్’, ‘డోంట్’ పెట్టి తిప్పండి. ఫోన్‌లో రికార్డు చేసి వినండి, జారిన ఎస్ మీకే పట్టుబడుతుంది.

మాట్లాడేటప్పుడు ఒకటి జారితే ఆగి సారీలు చెప్పకండి, తర్వాతి వాక్యంలోకి వెళ్లిపోండి. రెజ్యూమెకు మాత్రం ఆ వెసులుబాటు లేదు. పంపేముందు ప్రతి క్రియ దగ్గరా ఆగి ‘ఎవరు?’ అని అడగండి.