వేసవిలో టమాటా పూత ఎందుకు నిలవదు?

ఉగాది దాటాక నస్పూర్ పెరళ్లలో టమాటా మొక్కలను ఒకసారి పరీక్షగా చూడండి. ఆకులు పచ్చగానే ఉంటాయి. పసుపు పూలు గుత్తులు గుత్తులుగా పూస్తాయి. కాని రెండు మూడు రోజులకే పువ్వు కాడ మధ్యనున్న కణుపు పసుపుబారుతుంది. సరిగ్గా అక్కడే తెగి పువ్వు రాలిపోతుంది. నీళ్లు చాలలేదేమోనని అమ్మ మరో రెండు చెంబులు పోస్తుంది. అయినా పూత రాలుతూనే ఉంటుంది. సంక్రాంతికి కొమ్మలు వంగేలా కాసిన మొక్క ఇదేనా అనిపిస్తుంది.

మంచిర్యాల పక్కన, గోదావరికి ఉత్తరాన, శ్రీరాంపూర్ బొగ్గు గనుల నడుమ ఉన్న ఊరు నస్పూర్. మే నెలలో ఇక్కడ పగటి ఉష్ణోగ్రత 44, 45 డిగ్రీల సెంటీగ్రేడుకు చేరడం కొత్త విషయం కాదు. ఆ రోజులలో కూరగాయల బజారుకు వచ్చే టమాటాలు చాలావరకు మదనపల్లె వంటి దూరపు చోట్ల నుంచి లారీలలో వస్తాయి. మదనపల్లె సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉంది. మన ప్రాంతం ఎత్తు సుమారు 150 మీటర్లే. వెయ్యి మీటర్లు పైకి పోతే గాలి ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుందని మీరు భూగోళంలో చదివారు. ఆ లెక్కన ఎత్తు ఒక్కటే మదనపల్లెకు మూడున్నర డిగ్రీల చల్లదనం ఇస్తోంది. టమాటాకు ఆ మూడున్నర డిగ్రీలు చిన్న విషయం కాదు. అక్కడ పంట దెబ్బ తిన్న ఏడాది ధర ఎలా ఉంటుందో 2023 జూలైలో అందరమూ చూశాం. కిలో 150 రూపాయలు దాటింది.

మరి ఇక్కడే, ఈ ఎండలోనే, చల్లటి ఇల్లు కట్టి టమాటా పండించలేమా? పండించవచ్చు. అయితే ఎప్పుడు, ఎంతవరకు అన్నది తేల్చడానికి ఒక తడి గుడ్డ, రెండు ఉష్ణమాపకాలు కావాలి. ముందుగా పువ్వు లోపలికి చూద్దాం.

పువ్వు లోపల

విచ్చిన టమాటా పువ్వునొకదాన్ని తెంపండి. మధ్యలో పసుపు రంగు గొట్టం లాంటిది కనిపిస్తుంది. కేసరాలన్నీ ఒకదానికొకటి అతుక్కుని అలా గొట్టంగా ఏర్పడ్డాయి. దాన్ని గుండుసూదితో నిలువునా చీల్చితే లోపల సన్నని కీలం, దాని కొనన కీలాగ్రం కనిపిస్తాయి. పుప్పొడి గొట్టం లోపలి వైపుకే రాలుతుంది. కాబట్టి గాలికి పువ్వు కాస్త ఊగితే చాలు, తన పుప్పొడి తన కీలాగ్రం మీదనే పడుతుంది. టమాటా పువ్వు సాధారణంగా మరో పువ్వు మీద ఆధారపడదు.

ఎండ ఈ ఏర్పాటును మూడు విధాల చెడగొడుతుంది. మొదటిది కంటికి కనిపించదు. పువ్వు విచ్చడానికి 8 నుంచి 13 రోజుల ముందు, అది చిన్న మొగ్గగా ఉన్నప్పుడు, లోపల పుప్పొడి రేణువులను తయారుచేసే కణాలు విభజన చెందుతుంటాయి. మొక్క జీవితంలో వేడికి ఇంతగా బెదిరే దశ మరొకటి లేదనే చెప్పాలి. అప్పుడు వేడి తగిలితే రేణువులు తాలుగింజల్లా తయారవుతాయి. అంటే ఈ రోజు రాలిన పువ్వు ఈ రోజు ఎండకు రాలింది కాకపోవచ్చు, పోయిన వారపు ఎండ దాన్ని ముందే పాడు చేసి ఉండవచ్చు. అమ్మ పోసిన రెండు చెంబుల నీళ్లు ఎందుకు పనిచేయలేదో ఇప్పుడు తెలిసింది కదా!

రెండవది మీరు చూడగలిగేదే. వేడిలో కీలం పొడవుగా సాగి, కీలాగ్రం గొట్టం దాటి బయటికి పొడుచుకు వస్తుంది. పుప్పొడి లోపల రాలుతుంటే కీలాగ్రం బయట ఉంటుంది. మూడవది, కేసరాలు సరిగా విచ్చవు. విచ్చి పుప్పొడి రాలినా అది మొలకెత్తి అండాశయం దాకా చేరలేదు.

రాత్రి మాటేమిటి?

ఎండ అనగానే మనకు మధ్యాహ్నం గుర్తుకొస్తుంది. కాని టమాటా దృష్టిలో రాత్రి కూడా అంతే ముఖ్యం. అమెరికాలో కాలిఫోర్నియా సాంకేతిక విద్యాసంస్థలో పనిచేసిన ఫ్రిట్స్ వెంట్ అనే శాస్త్రజ్ఞుడు మొక్కలను పగలు ఒక గదిలో, రాత్రి వేరొక గదిలో ఉంచి పరీక్షలు జరిపాడు. పగలు 26 డిగ్రీల ప్రాంతంలోను, రాత్రి 17 నుంచి 20 డిగ్రీల మధ్యను ఉంచిన టమాటాలు బాగా పెరిగి బాగా కాశాయని 1944లో ప్రకటించాడు. రాత్రి ఉష్ణోగ్రత 21, 22 డిగ్రీలు దాటిన కొద్దీ కాయ నిలవడం తగ్గుతుందనీ, 26 దాటితే చాలా రకాలలో బాగా పడిపోతుందనీ తరువాతి పరిశోధనలు చూపాయి. మే నెలలో నస్పూర్ రాత్రులు ఎలా ఉంటాయో డాబాల మీద పడుకునేవారికి చెప్పనక్కరలేదు. తెల్లవారుజామున కూడా 29, 30 డిగ్రీలు ఉండే రోజులున్నాయి.

కాయ నిలిచినా కథ అయిపోదు. టమాటాకు ఎరుపునిచ్చే పదార్థం లైకోపీన్. ఉష్ణోగ్రత 30, 32 డిగ్రీలు దాటితే అది సరిగా తయారు కాదు. పసుపు రంగునిచ్చే కెరోటీన్ మాత్రం తయారవుతూనే ఉంటుంది. వేసవి పళ్లు ఎర్రబడకుండా నారింజ రంగులో ఆగిపోవడానికి కారణం ఇదే. బజారులో వాటిని పచ్చివి అనుకుంటారు, పాపం అవి పండినవే!

చిన్న కాయలకే చోటెందుకు?

ఎండ కాలానికి చిన్న కాయల టమాటాలు మేలు. గోలీకాయంత ఉండే చెర్రీ టమాటా గుత్తికి చాలా పూలు పూస్తుంది. అందులో సగం రాలినా గుత్తి నిండుగానే కనిపిస్తుంది. పెద్ద కాయ బాగా ఊరాలంటే లోపల చాలా గింజలు పట్టాలి, అంటే బోలెడు మంచి పుప్పొడి కావాలి. చిన్న కాయకు కొద్ది గింజలతోనే పని జరిగిపోతుంది. పైగా అది త్వరగా పండుతుంది. ఈ చిన్న కాయలకు దగ్గరి చుట్టమైన అడవి టమాటా దక్షిణ అమెరికాలో పెరూ, ఈక్వడార్ దేశాలలో నేటికీ పెరుగుతోంది. దాని కాయ బఠాణీ గింజంత.

వేడి దేశాలకు తగిన కూరగాయల కోసమే 1971లో తైవాన్‌లో ఆసియా కూరగాయల పరిశోధనాభివృద్ధి కేంద్రం ఏర్పడింది. అక్కడ వేడికి తట్టుకునేలా తయారైన టమాటా వంగడాలలో మొదట్లో చాలావరకు చిన్న కాయలవే. ఆ సంస్థ శాఖ ఒకటి మన పటాన్‌చెరు ఇక్రిశాట్ ఆవరణలోనూ ఏర్పడింది. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ తయారుచేసిన ‘పూసా సదాబహార్’ వేడి రాత్రులలోనూ కాయ నిలుపుతుంది. కాబట్టి చల్లటి ఇంటికి ఖర్చు పెట్టేముందు తగిన విత్తనాన్ని ఎంచుకోవడమే తెలివైన పని అని నా అభిప్రాయం.

చల్లటి ఇల్లు

హరితగృహాన్ని చలి దేశాలవారు మొక్కలను వెచ్చగా ఉంచడానికి కట్టుకున్నారు. మనకు కావలసింది దానికి తలకిందులు. నాలుగు వైపులా ప్లాస్టిక్ కప్పి మూసేసిన ఇంట్లో మే నెల మధ్యాహ్నం నిలబడితే బయటే నయమనిపిస్తుంది. సూర్యరశ్మి లోపలికి వస్తుంది, వేడెక్కిన గాలి బయటికి పోదు. ఎండలో తలుపులు మూసి నిలిపిన కారు సంగతి మీకు తెలిసిందే.

దీనికి తేలిక మార్గం నీడ. హైదరాబాదులో 2015లో మొదలైన ‘ఖేతి’ అనే సంస్థ ప్లాస్టిక్‌కు బదులు ఎండను కొంత వెనక్కి కొట్టే వలలు, పురుగులను ఆపే వలలు, బిందు సేద్యం కలిపి చిన్న రైతులకు సరిపడే హరితగృహం తయారుచేసింది. తెలంగాణ పల్లెల్లో దాన్ని నిలబెట్టింది. 2022లో ఆ సంస్థకు 10 లక్షల పౌండ్ల ఎర్త్‌షాట్ బహుమతి లభించింది. వల గాలిని ఆపదు, కరెంటు అడగదు. అయితే ఒక హద్దు ఉంది. వల కింద గాలి బయటి గాలికన్నా పెద్దగా చల్లగా ఉండదు. ఆకు మీద, కాయ మీద పడే ఎండ తగ్గుతుంది, అంతే. బయట 44 ఉన్న రోజున పుప్పొడిని అది ఒక్కటే కాపాడలేదు.

గాలినే చల్లబరచాలంటే మన ఇంటి కూలర్ సూత్రమే దిక్కు. ఇంటికి ఒకవైపు గోడంతా తడి మెత్తలు పెడతారు. ఎదుటి వైపు పెద్ద ఫ్యాన్లు గాలిని బయటికి లాగుతాయి. వేడిగాలి తడి మెత్తల గుండా లోపలికి వస్తుంది. నీరు ఆవిరి కావడానికి కావలసిన వేడిని ఆ గాలి నుంచే తీసుకుంటుంది. ఒక లీటరు నీరు ఆవిరైతే సుమారు 580 కిలోకేలరీల వేడి పోతుంది. మన రంజన్లో నీళ్లు చల్లబడేదీ ఇలాగే.

గని చెప్పిన లెక్క

మరి కూలర్ మే నెలలో హాయిగా ఉండి జూలైలో ఎందుకు ఉక్కపోస్తుంది? దీనికి జవాబు నస్పూర్‌లో చాలామంది ఇళ్లలోనే ఉంది. నాన్నో, తాతయ్యో బాయి పనికి పోయినవారైతే అడిగి చూడండి. భూగర్భ గనిలో గాలిని పరీక్షించేటప్పుడు రెండు ఉష్ణమాపకాలున్న పరికరాన్ని గిరగిరా తిప్పి చూస్తారు. ఒకదాని బల్బు పొడిగా, రెండవదాని బల్బు తడి గుడ్డలో ఉంటుంది. 1957లో చేసిన బొగ్గు గనుల నిబంధనలు పని చేసే చోట తడి బల్బు 33.5 డిగ్రీలు దాటరాదనీ, 30.5 దాటితే గాలి సెకనుకు కనీసం ఒక మీటరు వేగంతో వీయాలనీ నిర్ణయించాయి. మనిషి చెమట ఆరాలంటే తడి బల్బు తక్కువగా ఉండాలి మరి.

కూలర్‌కూ అదే హద్దు. నీటిని ఆవిరి చేసి గాలిని తడి బల్బు ఉష్ణోగ్రత కన్నా కిందికి దించలేం. మంచి మెత్తలు పొడి, తడి బల్బుల తేడాలో నూటికి 80 వంతులు దించుతాయి. ఇక లెక్క వేద్దాం.

మే నెల మధ్యాహ్నం గాలి 44 డిగ్రీలు, సాపేక్ష ఆర్ద్రత 20 శాతం అనుకోండి. తడి బల్బు 25 దగ్గర ఉంటుంది. తేడా 19, అందులో 80 శాతం 15. మెత్తలు దాటిన గాలి 29 డిగ్రీలు. అది ఫ్యాన్ల వైపు పోయేసరికి లోపలి ఎండకు మరో నాలుగు డిగ్రీలు వేడెక్కి 33 అవుతుంది. 44తో పోలిస్తే ఇది స్వర్గమే. జూలైలో 34 డిగ్రీలు, 65 శాతం తేమ ఉన్న రోజు తీసుకోండి. తడి బల్బు 28.5. తేడా అయిదున్నర మాత్రమే. మెత్తలు దాటిన గాలి 29.6 డిగ్రీలు. చిత్రంగా ఉంది కదూ! బయట 10 డిగ్రీలు తగ్గినా లోపల ఏమీ తగ్గలేదు. పైగా అంత తేమలో పుప్పొడి ముద్దకట్టి రాలదు, బూజు తెగుళ్లు వస్తాయి.

ఇప్పుడు రాత్రి. మే నెలలో 30 డిగ్రీలు, 45 శాతం తేమ ఉంటే తడి బల్బు 21.4. మెత్తలు గాలిని 23 దాకా తెస్తాయి. వెంట్ చెప్పిన 20కి చేరకపోయినా, వేడిని ఓర్చే చిన్న కాయల రకానికి సరిపోవచ్చు. సాయంత్రం ఎండ తగ్గగానే ఫ్యాన్లు కట్టేయడం సహజంగా అందరూ చేసే పొదుపు. కాని పూతకు చల్లదనం కావలసింది సరిగ్గా ఆ తరువాతి గంటలలోనే.

ఇంతకీ నీళ్లెన్ని కావాలి? ఒక గుంట స్థలంలో, అంటే సుమారు 100 చదరపు మీటర్లలో, 3 మీటర్ల ఎత్తున ఇల్లు కట్టామనుకోండి. లోపలి గాలి నిమిషానికొకసారి మారాలి. అంటే నిమిషానికి 300 ఘనపు మీటర్లు, బరువు చూస్తే 330 కిలోలు. దాన్ని 15 డిగ్రీలు చల్లబరచడానికి దాదాపు 1190 కిలోకేలరీలు తీసివేయాలి. అందుకు నిమిషానికి 2 లీటర్లు ఆవిరి కావాలి, 8 గంటలకు వెయ్యి లీటర్లు. అందులో 250 మొక్కలు పెట్టి, మొక్కకు రోజుకు 2 లీటర్లు పోసినా అయ్యేది 500 లీటర్లే. మొక్క తాగేదానికి రెండింతలు గాలి తాగుతుంది! బోరు నీటిలో ఉప్పులు ఎక్కువుంటే నీరు ఆవిరయ్యాక అవి మెత్తల మీద పేరుకుని గాలి దారులను మూసేస్తాయి. మధ్యాహ్నం కరెంటు పోతే ఇల్లు కొద్ది నిమిషాలలోనే పొయ్యి అవుతుంది.

ఇంకో చిన్న చిక్కు. మూసిన ఇంట్లో పూలను ఊపే గాలి తక్కువ, తేనెటీగలు రావు. అందుకని పొద్దున పూట గుత్తుల కాడలను వేలితో మెల్లగా తట్టాలి. మొక్కలు పాకించిన తీగలను తట్టినా చాలు.

మీ బడిలో చేయండి

ఒకే రకం ఉష్ణమాపకాలు రెండు తీసుకోండి. ఒకదాని బల్బుకు పల్చని నూలు గుడ్డ చుట్టి, దాని కొనను చిన్న నీళ్ల గిన్నెలో ముంచండి. రెండింటినీ నీడలో వేలాడదీసి అయిదు నిమిషాలు విసనకర్రతో విసిరి రెండు అంకెలూ రాసుకోండి. మధ్యాహ్నం రెండు గంటలకు బడిలో, తెల్లవారుజామున అయిదు గంటలకు ఇంటి దగ్గర చూడాలి. ఫిబ్రవరి నుంచి జూలై వరకు వారానికొకసారి రాయండి. పొడి బల్బు అంకె నుంచి తేడాలో 80 శాతం తీసివేస్తే ఆ పూట చల్లటి ఇంట్లోకి వచ్చే గాలి ఉష్ణోగ్రత తెలుస్తుంది. తెల్లవారుజామున తడి బల్బే 24 దాటడం మొదలైన వారాన్ని ఎర్ర సిరాతో గుర్తు పెట్టండి. ఆ వారం నుంచి నస్పూర్‌లో తడి మెత్తలు టమాటా పూతకు కావలసిన రాత్రిని ఇవ్వలేవు.