కర్బన సూక్ష్మనాళికలు

ఉద్దేశం: ఒకే పదార్థం వినాశానికీ, నిర్మాణానికీ ఏ విధంగా హేతువవుతుందో తెలియజేయడం.

కోనసీమ అనగానే కొబ్బరితోటలు, గోదావరి పాయలు స్ఫురిస్తాయి. ఆ పచ్చదనం అడుగున సహజవాయువు నిక్షిప్తమై ఉంది. 1995 జనవరి 8న పాశర్లపూడి వద్ద తవ్వుతున్న బావి నుండి ఆ వాయువు అదుపుతప్పి ఎగజిమ్మింది; మంటలంటుకొన్నాయి. 65 రోజుల పాటు ఆ జ్వాల ఆరలేదు. పరిసర గ్రామాల ప్రజలు ఇళ్లు విడిచి వెళ్లవలసి వచ్చింది.

సహజవాయువులో ప్రధానాంశం మీథేన్. ఒక కర్బన పరమాణువు, నాలుగు ఉదజని పరమాణువులు కూడిన అణువు అది. ప్రాణవాయువు తోడైతే మండుతుంది. అందలి కర్బనం బొగ్గుపులుసు వాయువుగా మారి గాలిలో కలిసిపోతుంది. ప్రాణవాయువును దూరంగా ఉంచి, తగిన ఉత్ప్రేరకం సమక్షంలో వేడిచేస్తే ఆ కర్బనమే మరొక రూపం ధరిస్తుంది. సూక్ష్మనాళికల తయారీకి ఈ సత్యమే మూలం.

1991లో జపాను శాస్త్రవేత్త సుమియో ఇజిమా ప్రకటించిన పరిశోధనతో ఈ నాళికలు ప్రపంచ దృష్టిని ఆకర్షించాయి. ఒంటిగోడ గల నాళిక వ్యాసం ఒకటి రెండు నానోమీటర్లు. తలవెంట్రుక మందంలో సుమారు 50,000వ వంతు. బరువును బట్టి చూస్తే దాని బలం ఉక్కును మించినది. లిథియం బ్యాటరీలలో విద్యుత్ప్రవాహాన్ని సుగమం చేయడానికి నేడు వీటిని వాడుతున్నారు.

వీటిని పెంచే పద్ధతులలో ముఖ్యమైనది రసాయన బాష్ప నిక్షేపణం. కొలిమిలోని క్వార్ట్జ్ గొట్టంలో అతిసూక్ష్మమైన ఇనుప రేణువులు గల పలకను ఉంచుతారు. ఆర్గాన్ వాయువును పంపి గాలిని పూర్తిగా వెడలగొడతారు. గాలి మిగిలితే విస్ఫోటనం సంభవించవచ్చు. వేడి సుమారు 900 డిగ్రీల సెల్సియస్‌కు చేరిన పిమ్మట మీథేన్‌ను పంపుతారు. ఇనుము ఉత్ప్రేరకమై అణువును విడగొడుతుంది. ఉదజని వెలుపలికి పోతుంది. కర్బనం రేణువులో లీనమవుతుంది. రేణువు ఇక ఇముడ్చుకోలేని స్థితిలో కర్బనం షడ్భుజాల వలగా అల్లుకొంటూ నాళికయై వెలువడుతుంది. రేణువు ఎంత చిన్నదైతే నాళిక అంత సన్ననిది. వాయువు మోతాదు మించితే మసి రేణువును కప్పివేస్తుంది, ఎదుగుదల ఆగిపోతుంది. చల్లారకముందే గాలి సోకితే పెరిగిన నాళికలు సైతం కాలిపోతాయి. కోనసీమకు చిరపరిచితమైన కొబ్బరినూనె ఆవిరి నుండి కూడా ఈ నాళికలను పెంచవచ్చునని పరిశోధనలలో తేలింది.

పాశర్లపూడిలో ఆకాశాన్ని ఎర్రబరచిన కర్బనమూ, కొలిమిలో నాళికగా అల్లుకొన్న కర్బనమూ ఒక్కటే. భేదమంతా నియమంలో ఉంది. ఆ నియమాన్ని పాటించవలసిన బాధ్యత మానవునిది.

కఠిన పదాలు – అర్థాలు
నిక్షిప్తం = దాచబడినది
ఉత్ప్రేరకం = తాను మార్పు చెందక రసాయన చర్యను వేగవంతం చేసేది
బాష్పం = ఆవిరి
షడ్భుజం = ఆరు భుజాలు గల ఆకృతి

ప్రశ్నలు
1. కర్బన సూక్ష్మనాళికలను పెంచే విధానాన్ని వివరించండి.
2. కొలిమి నుండి గాలిని ఎందుకు వెడలగొడతారు?
3. 'భేదమంతా నియమంలో ఉంది' – సమర్థించండి.